వంటింటి బాలాలయం

పన్నుల శాఖకి రాసే ఉత్తరంలో "దేవుడు అక్టోబరు నుంచి వంటింటి ప్రెస్‌లో ఉన్నాడు" అని రాయాల్సివచ్చిన మనిషిని ఐర్లండ్ మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. ప్రెస్ అంటే ఇక్కడివాళ్ళ మాటల్లో అలమరా. ఆ వాక్యం రాశాక పెన్ను కింద పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఉద్యోగం పేరుతో నేను రాసిన వేల వాక్యాల్లో అంత నిజమైనది ఇంకొకటి లేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

మీలో చాలామంది ఇప్పుడు నాలాగే ఇక్కడ పన్ను లెక్కలు రాసే పనిలోకి వస్తున్నారు. ఫంక్షన్లలో కనపడితే "ఆంటీ, ఏమైనా టిప్స్ చెప్పండి" అంటారు. టిప్పులు నా దగ్గర లేవమ్మా. నా దగ్గరున్నదల్లా ఒక పెద్ద తప్పు. అదే చెప్తాను, వినండి.

మాది కార్క్‌లో నది పక్క సందులో, మూడంతస్తులు ఎక్కితే వచ్చే చిన్న ఆఫీసు. మా బాస్ వెస్ట్ కార్క్ పల్లెటూరి మనిషి, నాకంటే కొంచెం పెద్ద. దేనికైనా "గ్రాండ్" అనేవాడు. టీ ఎలా ఉందంటే గ్రాండ్. ప్రింటర్ పాడైందంటే గ్రాండ్. ఆ గ్రాండ్‌లలో ఏది మెచ్చుకోలో, ఏది చివాటో కనిపెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆయన దగ్గర ఎప్పటినుంచో మతగురువుల ఫైళ్ళుండేవి. చర్చి రెక్టర్లు, పాస్టర్లు, అలాంటివాళ్ళు. ఆ ఫైళ్ళు మొదటిసారి నా బల్లమీద పెట్టినప్పుడు ఒకే మాట చెప్పాడు.

"వీళ్ళని దేవుడి గురించి అడక్కు. ఇంటి గురించి అడుగు."

ఎందుకంటే ఇక్కడి చట్టంలో ఓ చిన్న సౌకర్యం ఉంది. అద్దె ఇంట్లో ఉండే మతగురువు ఆ ఇంట్లో ఒక భాగాన్ని ముఖ్యంగా తన విధుల కోసమే వాడుతుంటే, అద్దెలో కొంత, ఎనిమిదో వంతు మించకుండా, పన్ను లెక్కలోంచి మినహాయించుకోవచ్చు. అంతే, ఈ కథకి కావాల్సిన చట్టం అయిపోయింది. ఆ భాగాన్ని నిజంగా విధులకే వాడుతున్నాడా అన్నదగ్గరే గొడవంతా. మా బాస్ ఒకప్పుడు ఓ రెక్టరుగారి స్టడీ రూమ్ మీద క్లెయిమ్ పంపాడట. తనిఖీకొచ్చినవాళ్ళు తలుపు తీస్తే, పుస్తకాల బీరువా పక్కన ఈనిన కుక్క ఏడు పిల్లలతో పడుకుని ఉందట. "అప్పట్నుంచీ గదిలో నిలబడి నా కళ్ళతో చూడకుండా సంతకం పెట్టను. నువ్వూ పెట్టకు" అన్నాడు. పెట్టనన్నాను.

ఇక మా పంతులుగారి సంగతి. కార్క్ శివారు బాలింకాలిగ్‌లో మా ఇంటికి నడిచి పావుగంట దూరంలో ఉండేవారు. కోనసీమ మనిషి. మనవాళ్ళ సంఘం ఇచ్చే జీతం మీద, భార్య, ఇద్దరాడపిల్లలతో చిన్న అద్దె ఇంట్లో కాపురం. మనకిక్కడ కట్టిన గుడి లేదు. వారాంతాల్లో ఓ హాలు అద్దెకి తీసుకునేవాళ్ళం. జానెడున్నర ఎత్తు వెంకటేశ్వరస్వామి పంచలోహ విగ్రహం పంతులుగారి కారు వెనకసీట్లో బెల్టు పెట్టుకుని వచ్చి, మన పూజలు అందుకుని, సాయంత్రానికి ఇంటికెళ్ళిపోయేది. మిగతా రోజుల్లో స్వామి నివాసం పంతులుగారి ఇంటి ముందుగది. ఆ గదిలో సోఫా లేదు, టీవీ లేదు. ఎంతటి చుట్టమొచ్చినా వంటింట్లో కూర్చోవాల్సిందే.

కోవిడ్ వచ్చి హాలు మూతపడింది. అప్పట్నుంచి పంతులుగారు రోజూ పొద్దున ఏడింటికి ఫోన్ నిలబెట్టి మేలుకొలుపు, హారతి లైవ్ ఇచ్చేవారు. ఎక్కడెక్కడి మనవాళ్ళో చూసేవారు. డండాక్ నుంచి ఒకావిడ రోజూ మొదటి నమస్కారం పెట్టేది. నేను మా వంటింట్లో ఉప్మా కలుపుకుంటూ చూసేదాన్ని. వెనక ఎర్ర పట్టుతెర, ముందు స్వామి, పక్కన దీపం. చలికాలం మొదలయ్యాక సన్నగా శ్రుతిపెట్టె నాదం కూడా చేరింది. మా అక్క గుంటూరులో పోయింది ఆ రోజుల్లోనే. నేను వెళ్ళలేకపోయాను. ఆ నెలంతా నన్ను మనిషిగా నిలబెట్టింది ఆ పావుగంటే. ఆ నాదం చెవిన పడితే ప్రాణం కుదుటపడేది.

జనవరిలో పంతులుగారి పన్ను కాగితాలు నా చేతికొచ్చాయి. ఈ ఎనిమిదో వంతు సంగతి ఆయనకి తెలియనే తెలియదు. నేనే తవ్వి తీశాను, మహా ఘనకార్యం చేసినట్టు. మరి గది చూడాలి కదా? ఒకరింటికి ఒకరు పోకూడదు, అయిదు కిలోమీటర్లు దాటి తిరగకూడదు, ఇవీ అప్పటి ఆంక్షలు. అయినా నేను రోజూ చూస్తూనే ఉన్నానుగా! ఆయన్ని ఒక్క ప్రశ్న అడగాలని కూడా తోచలేదు. పైగా క్లెయిమ్‌కి నా సొంత వివరణ ఒకటి తగిలించాను. "ఈ గదిని జనవరి నుంచి డిసెంబరు దాకా ఒక్కరోజు కూడా మానకుండా పూజకే వాడారు. అందుకు నేనే ప్రత్యక్ష సాక్షిని" అని. అది రాయమని నన్నెవరూ అడగలేదు. నా గొప్ప కోసం నేనే రాశాను. సంతకానికి పంపితే పంతులుగారు "మీరు చూసే ఉంటారు కదమ్మా" అని పెట్టేశారు.

ఫిబ్రవరిలో పన్నుల శాఖ నుంచి ఉత్తరమొచ్చింది. మర్యాదగానే అడిగారు. గది ఫోటోలు పంపండి, ఇంట్లో ఆ గది ఎక్కడుందో గీసి పంపండి అని. దాంట్లో భయపడాల్సిందేమీ లేదు. కానీ ఆ వసంతంలోనే పంతులుగారికి ఈ దేశంలో ఉండే అనుమతి పొడిగించాలి. పన్నుల విషయంలో మచ్చలేదని కాగితం చూపించాలి. తప్పుడు క్లెయిమ్ అని ఒక్క ముద్ర పడిందా, నలుగురూ పెట్టెలు సర్దుకోవాల్సిందే. అందుకని ఆలస్యం చెయ్యకుండా మర్నాడే బయల్దేరాను. నడక పేరుతో వెళ్ళి, కిటికీలోంచి నాలుగు ఫోటోలు తీసుకొచ్చేద్దామని నా ఎత్తు.

పొద్దున పదకొండయ్యుంటుంది. చినుకు పడుతోంది. ముందుగది కిటికీకి కర్టెన్లు దగ్గరగా లాగి ఉన్నాయి, మధ్యలో బెత్తెడు సందు. ఆ సందుకి ఫోన్ పెట్టబోతూ ముందు కన్ను పెట్టాను.

స్వామి లేడు. తెర లేదు. దీపం లేదు. గోడవారన ఒక మంచం. దుప్పట్లోంచి బయటికొచ్చిన రెండు కాళ్ళు, మేజోళ్ళతో సహా. కుర్చీ మీద ఆసుపత్రి నీలం బట్టలు.

మొదట తోచిన మాట చెప్పనా? 'అమ్మో, పంతులు గది అద్దెకిచ్చేశాడు!' స్వామిని ఎటో నెట్టేసి, అద్దె డబ్బులు తీసుకుంటూ, లెక్కల్లో చూపకుండా దాచాడు. నేనేమో ప్రత్యక్ష సాక్షిని. బెల్లు నొక్కాను, ఒకటికి రెండుసార్లు.

పంతులుగారు మాస్కు సర్దుకుంటూ బయటికొచ్చి, వేలు మాస్కు మీద పెట్టి "ష్" అన్నారు.

"ఏవండీ పంతులుగారూ, స్వామేడండీ?"

"లోపలున్నారమ్మా. కొంచెం నెమ్మదిగా..."

"లోపలెక్కడండీ? నేను చూశానుగా! ఆ గదిలో ఎవరో కాళ్ళు బారజాపుకుని పడుకునున్నారు!"

"డాక్టరుగారమ్మా. రాత్రంతా డ్యూటీ చేసొచ్చారు. పడుకుని గంట కూడా అవలేదు."

"ఎప్పట్నుంచి ఉంటున్నాడు?"

"అక్టోబరు నుంచి."

"అద్దెకిచ్చారా?"

"అయ్యో రామ! ఎంత మాటమ్మా!" అన్నారాయన. నిజంగానే నొచ్చుకున్నారు. "ఇలా వెనక నుంచి రండి, స్వామిని చూద్దురుగాని."

పక్కసందులోంచి వెనక తోటలోకి తీసుకెళ్ళి, వంటింటి తలుపు బార్లా తీశారు. నేను గుమ్మం బయటే, చినుకుల్లోనే నిలబడ్డాను. లోపల ఫ్రిజ్ పక్కన గోడకి పెద్ద ప్రెస్. దాని తలుపులు ఊడదీసి గోడకి చేరేసున్నారు. అరలు తీసేశారు. లోపల చెక్కకి పసుపు రాసి, వెనక ఆ ఎర్ర పట్టుతెర కట్టి, బియ్యం మీద కలశం పెట్టి, దాని పక్కన స్వామిని కూర్చోబెట్టారు. పొద్దుటి తులసి ఇంకా మెడలోనే ఉంది. దీపం మాత్రం చెక్కకి దూరంగా, పొయ్యి పక్క గట్టుమీద ఉంది. ఇంట్లో ఉన్న గిన్నెలూ డబ్బాలూ అన్నీ కిందనే, నేలమీద, గోడవారన వరస పెట్టున్నాయి. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో వంట చేసే మనిషి ప్రతి గిన్నెకీ వంగి లేస్తోందన్నమాట.

అప్పుడు వినపడింది. సన్నగా, ఆగకుండా, నా ప్రాణం కుదుటపరిచిన ఆ నాదం. ఫ్రిజ్! ఇన్నాళ్ళూ పొద్దున్నే కళ్ళు మూసుకుని నేను విని పరవశించింది ఫ్రిజ్ చప్పుడు. సిగ్గుతో నాకు తల తిరిగిపోయింది.

పంతులుగారి భార్య లోపలినుంచే చెప్పుకొచ్చింది. "డాక్టరుగారు ఒక జంటతో కలిసి ఇల్లు పంచుకుని ఉండేవారండీ. ఆవిడకి నెలలు నిండుతున్నాయి. కోవిడ్ వార్డు నుంచి వచ్చే మనిషిని ఇంట్లో పెట్టుకోవడానికి భయం కదండీ, వాళ్ళనీ అనలేం. వేరే ఎక్కడా గది దొరకలేదు. సంఘం గ్రూపులో మెసేజి పెట్టారు కదండీ, మీరు చూసే ఉంటారు."

చూశాను. చూడకేం. 'మన డాక్టరుగారికి అత్యవసరంగా గది కావాలి' అని. కింద వందమంది నమస్కారం బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. మా ఇంట్లో ఉండేది మేమిద్దరం. పైన ఒక గది ఖాళీ. ఖాళీ అంటే, అందులో ఇస్త్రీ బల్ల ఉంటుంది, సూట్‌కేసులుంటాయి. మా ఆయన రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీకి రోజూ కారులో పోయొస్తున్నారు, ఆయనకేదైనా అయితే ఎందుకొచ్చిన గొడవ అనుకుని ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ తర్వాత ఆ డాక్టరు ఏమయ్యాడో నేను వాకబు చెయ్యలేదు.

"కింద స్నానాలగది ఉన్నది ఆ ముందుగది పక్కనేనమ్మా" అన్నారు పంతులుగారు. "పైన పిల్లలున్నారు. ఆయన ఎవరికీ తగలకుండా వచ్చి పోవాలంటే అదొక్కటే గది. గుడికి మరమ్మతు వచ్చినప్పుడు ఏం చేస్తాం? స్వామి కళని కలశంలోకి తీసి బాలాలయంలో ఉంచుతాం. పని అయ్యేదాకా అక్కడే సేవ. ఇదీ అలాంటి మరమ్మతే అనుకున్నాను. మంత్రం తప్పలేదు, నైవేద్యం తప్పలేదు. చోటు మారింది, అంతే."

మీరైతే అప్పుడు ఏం చేసేవారో నాకు తెలియదు. నేను చేసింది చెప్తాను. నా బుర్రలో సంతకం తిరుగుతోంది, ముద్ర తిరుగుతోంది. అంత గొప్పమాట విని కూడా నా నోట్లోంచి వచ్చిందేమిటంటే, "సరేగానండీ, ఒక్క గంట పని. మంచం పక్కకి లాగేద్దాం, స్వామిని ఆ గదిలో పెడదాం, నాలుగు ఫోటోలు తీసుకుందాం, మళ్ళీ ఎక్కడివక్కడ సర్దేద్దాం. ఎవరికీ తెలీదు."

పంతులుగారు నావంక చూశారు. కోపం లేదు. చిన్నపిల్ల తెలియక అడిగితే చూసినట్టు చూశారు.

"నిద్రపోతున్న మనిషిని లేపి, ఆ చోట స్వామిని కూర్చోబెట్టమంటారా అమ్మా?"

నేను ఊరుకోలేదు. నా నోటికి మూత లేదని మా అమ్మ ఎప్పుడో అనేది. "మీకర్థమవుతోందా పంతులుగారూ! మీ అనుమతి పోతుంది! ఆడపిల్లల్ని బళ్ళోంచి తీసుకుని ఎక్కడికి పోతారు? ఎవరో ఒక డాక్టరు కోసం దేవుడి గది ఖాళీ చేసి, దేవుణ్ణి గిన్నెల అలమరాలో పెడతారా!"

అరిచాను. గట్టిగానే అరిచాను.

హాల్లోంచి వంటింట్లోకి వచ్చే తలుపు తెరుచుకుంది. ముప్పయ్యేళ్ళ మనిషి, చెదిరిన జుట్టు, ముక్కు మీదా బుగ్గల మీదా మాస్కు కోసిన ఎర్రటి గీతలు. అవి నిద్రలో కూడా పోలేదు. చేతిలో మాస్కు పట్టుకుని, పెట్టుకోవడం మర్చిపోయి నిలబడ్డాడు.

"దేవుని గదా?" అన్నాడు. ఎవరివంకా చూడలేదు, ప్రెస్‌వంకే చూస్తున్నాడు. "పంతులుగారూ, నాకు ఖాళీ గది ఉన్నదన్నరు గదా? నాలుగు నెలల సంది నేను పండుకుంటున్నది దేవుని గదిలనా?"

వంటింట్లోకి ఆయన ఎప్పుడూ రాలేదట. అన్నం పళ్ళెం తలుపు దగ్గర పెడితే తీసుకునేవాడు. ఆ ఇంటి పిల్లలతో సహా ఎవరూ చెప్పలేదు.

"రోజు చావులు చూసొస్తున్న నేను. నిన్న రాత్రి ఇద్దరు పోయిన్రు. స్నానం చేయకముందే ఆ గదిల అడుగు పెడుతున్న. అంత మైల..." మాస్కు గుర్తొచ్చి పెట్టుకున్నాడు. "నేను పోత. కార్ల పండుకుంట, నాకు అలవాటే. మీరు దేవుణ్ణి లోపటికి తీస్కపోండ్రి."

వెనక్కి తిరిగాడు. సర్దుకోవడానికే. నా నోటి పుణ్యాన ఆయనకి ఉన్న ఒక్క చోటూ పోతోంది. పంతులుగారు గబగబా వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. ఆరడుగుల దూరం, మాస్కు, ఆ నియమాలన్నీ ఆ క్షణంలో ఆయన మర్చిపోయారు.

"నాయనా, ఒక్కమాట వినండి. పోయేవాళ్ళ దగ్గర కూర్చుని నాలుగు మంచిమాటలు చెవిలో వెయ్యాల్సిన పని నాది. దానికే నాకు జీతమిస్తున్నారు. నన్ను ఆసుపత్రిలోకి రానివ్వలేదు. మీరు వెళ్ళారు. నిన్న ఆ ఇద్దరి పక్కన ఉన్నది మీరేనా కాదా?"

"ఉన్న" అన్నాడు డాక్టరు. "ఒకామె చెయ్యి పట్టుకున్న. ఇక్కడామె. వాళ్ళ కొడుకు ఫోన్ల ఉన్నడు."

"మరి ఆ చెయ్యి పట్టుకున్న మనిషి ఒళ్ళు వాల్చిన చోటు మైలపడుతుందని ఏ శాస్త్రంలో ఉంది? నేను చదివినదాంట్లో లేదు. రాత్రికి మళ్ళీ డ్యూటీ ఉంది కదా, వెళ్ళి పడుకోండి. అమ్మగారు కూడా ఇంక గట్టిగా మాట్లాడరు."

అమ్మగారంటే నేను. ఆ డాక్టరు గోడకి ఆనుకుని చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. పంతులుగారి భార్య పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వానలో నిలబడి రెండు చేతులూ జోడించాను. స్వామికా, పంతులుగారికా, ఆ మేజోళ్ళ కాళ్ళకా, ఎవరికి పెట్టానో నాకు ఇప్పటికీ తెలియదు. దేవుణ్ణి నమ్ముతానని అరవయ్యేళ్ళు చెప్పుకు తిరిగినదాన్ని, నమ్మితే మనుషులు ఎలా ఉంటారో చూడటం అదే మొదటిసారి.

కాసేపటికి డాక్టరు వెళ్ళి పడుకున్నాడు. నేను ఇంటికెళ్ళి బాస్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అంతా విన్నాడు.

"అంటే నువ్వు ఫోన్‌లో కనపడిన ఒక కర్టెన్‌కి సాక్ష్యం చెప్పావన్నమాట" అన్నాడు.

"అవును."

"గ్రాండ్" అన్నాడు. అది ఏ గ్రాండో నాకు బాగా తెలుసు. తర్వాత గొంతు తగ్గించి, "నిజం రాసెయ్. తప్పు నీదని ముందే రాయి, ఆయనది కాదని. మిగతాది వాళ్ళిష్టం" అన్నాడు.

రాశాను. గది చూడకుండా సాక్ష్యం చెప్పింది నేనని, నన్ను నమ్మి ఆయన సంతకం పెట్టారని, అక్టోబరు నుంచి ఆ గదిలో ఒక ఆసుపత్రి డాక్టరు ఉంటున్నారని, అందుకు ఒక్క సెంటు కూడా పుచ్చుకోలేదని. మొదట్లో చెప్పిన ఆ వాక్యం కూడా రాశాను. పంపించి, పదిరోజులు అన్నం సహించక తిరిగాను. నా ఉద్యోగం పోతే పోయింది, చివరికొచ్చినదే. ఆ పిల్లలిద్దరి గురించే నా బెంగంతా.

పదకొండో రోజున ఫోన్ మోగింది. పన్నుల శాఖ ఆవిడ. పెద్దావిడ గొంతు, అచ్చం కార్క్ యాస. ఆవిడా ఇంటినుంచే పనిచేస్తున్నట్టుంది, వెనక కుక్క మొరుగుతోంది.

"మీ ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివాను. ఒక్క సందేహం. ఏ ప్రెస్‌లో? హాట్ ప్రెస్‌లోనా?"

హాట్ ప్రెస్ అంటే వేణ్ణీళ్ళ ట్యాంకుండే అలమరా. ఇక్కడ తువ్వాళ్ళు ఆరేస్తారు.

"కాదండీ, వంటింట్లోది. ఫ్రిజ్ పక్కన."

"ఇప్పటికీ అక్కడేనా?"

"అక్కడే. డాక్టరుగారు ఇంకా ఉన్నారు."

అటువైపు కుక్కని ఊరుకోబెడుతున్న చప్పుడు. తర్వాత ఆవిడ అడిగింది. "ఆ గది డాక్టరుకి ఎందుకిచ్చాడో ఆయన చెప్పాడా?"

చెప్పాను. చెయ్యి పట్టుకోవడం సంగతి, జీతం సంగతి, పంతులుగారి మాటల్లోనే. చెప్తూ చెప్తూ నేనే ఏడ్చాను. పన్నుల శాఖ వాళ్ళతో ఫోన్‌లో ఏడవకండమ్మా, మంచి పద్ధతి కాదు. కానీ ఆవిడ కూడా ముక్కు చీదుకుంది. మొన్న నవంబరులో వాళ్ళ అమ్మ అదే ఆసుపత్రిలో పోయిందట. లోపలికి వెళ్ళనివ్వలేదట. ఎవరో ఒక డాక్టరు దగ్గరుండి ఫోన్ చెవి దగ్గర పట్టుకున్నాడట. ఈ డాక్టరో, ఇంకొకరో, ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు.

"నన్నడిగితే," అందావిడ గొంతు సర్దుకుని, "అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ మూడు నెలలు కూడా గదిని ఆయన విధులకే వాడినట్టు లెక్క. ఆ మాట ఆయన తరఫున ఒక్క వాక్యం రాసి పంపండి. క్లెయిమ్ ఉన్నదున్నట్టు ఉంచేస్తాను. మచ్చా, ముద్రా ఏమీ ఉండవు."

ఎగిరి గంతేసినంత పనిచేశాను. నడిచి పావుగంట పట్టే దూరం ఆ రోజు ఎలా వెళ్ళానో తెలియదు. వెనక తోటలో నిలబడి, ఈసారి గొంతు తగ్గించి, ఆవిడ అన్నదంతా పంతులుగారికి చెప్పాను. ఆయన విన్నారు, తల వంచుకుని నమస్కారం చేశారు.

"ఆ తల్లికి నా నమస్కారం చెప్పండి. కానీ ఆ మూడు నెలలూ తీసేయండమ్మా."

"ఎందుకండీ! చట్టమే ఇస్తానంటుంటే మీకేమిటి?"

"గది ఇచ్చింది నేను కాదు కదమ్మా. గది స్వామిది. ఆయన లేచి వెళ్ళి చోటిచ్చాడు. ఆయనిచ్చినదానికి నేను మినహాయింపు పుచ్చుకుంటే ఎలా?"

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎంతమందిని చూశాను! పిల్లి తిండి ఖర్చులో రాసినవాళ్ళు, పెళ్ళి విందుని వ్యాపారం ఖాతాలో వేసినవాళ్ళు. ఇస్తానన్న మినహాయింపు వద్దన్న మనిషి ఈయనొక్కడే. తొమ్మిది నెలలకే సవరించి పంపాను. ఫోన్ చేసి కారణం చెప్తే పన్నుల శాఖ ఆవిడ "గాడ్" అని మాత్రం అంది. సవరణ మామూలుగా నమోదైంది. మచ్చలేదన్న కాగితం వచ్చింది, ఏప్రిల్‌లో అనుమతీ వచ్చింది. బాస్‌కి చెప్తే "గ్రాండ్" అని, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

ఎండాకాలం మొదట్లో డాక్టరు ఇంకో ఊరి ఆసుపత్రికి మారాడు. వెళ్ళే రోజున స్వామిని తిరిగి ముందుగదిలోకి తీసుకెళ్ళారు. పంతులుగారి భార్య, పిల్లలిద్దరూ, నేనూ తోటలో నిలబడ్డాం. డాక్టరు పొద్దున్నే తలస్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక తంటాలు పడుతున్నాడు. పంతులుగారు కలశం ఆయన చేతికిచ్చారు. "నాకెందుకు సామీ, మంత్రాలు రావు నాకు" అన్నాడాయన. "గది మీ అధీనంలో ఉంది. మీరే అప్పగించాలి" అన్నారు పంతులుగారు. ఆయన కలశం పట్టుకుని వంటింట్లోంచి ముందుగది దాకా ఆ పది అడుగులూ నడిచాడు.

ఆ తర్వాత ఏడాదికి నేను రిటైరయ్యాను. మొన్నామధ్య ఏదో ముహూర్తం అడగడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఇప్పుడు లోపలికి వెళ్ళొచ్చు, కుర్చీలో కూర్చోవచ్చు. పంతులుగారి భార్య కాఫీ కలుపుతోంది. గ్లాసు తీసుకుందామని ఫ్రిజ్ పక్క ప్రెస్‌కి మళ్ళీ బిగించిన తలుపు లాగాను. లోపల ఒక్క గిన్నె లేదు. శుభ్రంగా కడిగున్న చెక్క, మూలల్లో కొంచెం పసుపు. గిన్నెలూ డబ్బాలూ ఇంకా నేలమీదే, గోడవారన ఉన్నాయి.

"ఇదేమిటమ్మా, సామాను ఇందులో పెట్టుకోలేదే? నడుం విరగదూ?"

"ఆయన వద్దన్నారండీ" అంది, నాకు వేరే గ్లాసందిస్తూ. "మళ్ళీ ఎవరికైనా గది కావాల్సొస్తే, స్వామికి చోటుండాలి కదా అని."

కాఫీ తాగాను. ముహూర్తం రాయించుకున్నాను. ఇంటికొచ్చి పైకెళ్ళి, ఇస్త్రీ బల్ల ఉన్న గది తలుపు తీశాను. సూట్‌కేసులన్నీ బయటికి లాగేసరికి సాయంత్రమైంది.